తలా కొంత ఊపిరి

మా వైపు ఒక మనిషికి జబ్బు చేస్తే ఆసుపత్రికి ఒక మనిషి రాడు. ఒక ఆటో నిండా వస్తారు. వాళ్లలో రోగి ఎవరో కనిపెట్టడమే డాక్టరుకు మొదటి పరీక్ష. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్న పెద్దామెను చూసి ఆమెకే ఏదో అయిందని పరుగెత్తితే, ఆటో కుదుపులకు తల తిరిగిందంతే అంటుంది. అసలు రోగి వెనక సీట్లోంచి మెల్లగా దిగి, తన చెంబులో నీళ్లు ఆమెకు ఇస్తుంటాడు.

నేను పుట్టింది కొత్తచెరువు పక్కన ఒక పల్లెలో. కర్నూలులో వైద్యం చదివి, రెండు వేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో కళ్యాణదుర్గంలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. ముందు వరండా, దాని వెనక నాలుగు గదులు, ఒక నీళ్ల తొట్టి. పెద్ద డాక్టరు గారు, తల నెరిసిన ఒక సిస్టరు, నేను. అత్యవసరమైన కేసులు నావి. పాములు, తేళ్లు, పురుగుల మందు, బస్సు పైనుంచి పడినవాళ్లు, ఎద్దు పొడిచినవాళ్లు. నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. మనిషి వచ్చిన గంటలోనే మనం చేసింది సరైనదో కాదో తెలిసిపోతుంది. ఆ తేలిపోవడం నా స్వభావానికి సరిపోయింది.

చదువుకున్నచోట రోగి తప్ప మిగతావాళ్లంతా గేటు బయటే ఉండాలి. కళ్యాణదుర్గం వచ్చాక నేను కూడా ఒక బోర్డు రాయించి తలుపుకు తగిలించాను. ‘రోగితో పాటు ఒక్కరు మాత్రమే రావలెను’ అని. చదువొచ్చినవాడు ఒకడు దాన్ని గట్టిగా చదివి వినిపించేవాడు. అందరూ శ్రద్ధగా విని, అందరూ లోపలికి వచ్చేవాళ్లు. జబ్బు చెప్పేముందు నా సంగతి కనుక్కునేవాళ్లు.

“యా ఊరు పాపా నీది?”

“కొత్తచెరువు దగ్గర.”

“అట్లనా! మా చిన్నమ్మను ఆడికే ఇచ్చినాం.”

అప్పుడుగానీ నాలుక బయటపెట్టేవాళ్లు కాదు. మొదట్లో నాకు విసుగు వచ్చేది, ఆ తర్వాత అలవాటైంది. ఎవరి చేతుల్లో పడుతున్నామో తెలుసుకోవాలనుకోవడం తప్పేమీ కాదు కదా అనిపించింది.

నేను చెప్పబోయే సంగతి ఒక చెనక్కాయల పంట కాలంలో, అంటే వేరుశనగ పీకే రోజుల్లో, జరిగింది. ఆ ఏడు వాన అదను తప్పకుండా పడింది. మా జిల్లాలో అది ఎప్పుడో గాని జరగదు. ఎక్కడ చూసినా పీకిన చెనక్కాయ చెట్లు వాములుగా వేసి ఉన్నాయి. ఆడవాళ్లు వాటి చుట్టూ కూర్చుని కాయలు తెంపుతున్నారు. కాయల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు వామిలోకి చేరతాయి. పంట బాగా పండితే మాకు పాముకాట్లు కూడా ఎక్కువే.

ఆ రోజు పెద్ద డాక్టరు గారు బంధువుల పెళ్లికని అనంతపురం వెళ్లారు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. వరండా ముందు ఒక ఆటో ఆగింది. కుందుర్పి దారిలో ఒక పల్లె నుంచి వచ్చింది. ముప్పై ఏళ్లు నిండని ఒక మనిషి తనంతట తానే దిగింది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, బిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని నడిచి వచ్చింది. పక్కన ఆమె అత్త. వెనక ఆమె భర్త, చేతిలో మూత బిగించిన పెయింటు డబ్బా. అతని వెనక తెల్ల పంచె కట్టిన ఒక పెద్దాయన, ఆమె మేనమామ. ఇంకా ఎవరెవరో. అందరికీ వెనక మోటారు సైకిలు మీద ఒక ఆసామి వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. వీళ్లు కూలికి పోయిన చేను ఆయనదే.

“పాము కరిచినాదమ్మా,” అంది అత్త. “సద్ది తిని వామి కాడ కూసున్యాం. చెట్లు తీసుకునేకి చెయ్యి పెట్టె. అంతే.”

“యా పాము?”

భర్త పెయింటు డబ్బాను నా బల్ల మీద పెట్టాడు. “మీరు యా పామని అడుగుతారంట గదా, అందుకే తెచ్చినాం.”

“చచ్చిందా?”

“యాడ చచ్చింది! ఉండాది.”

సిస్టరు రెండడుగులు వెనక్కి వేసింది. నేను మూతను వేలెడంత జరిపి చూశాను. లోపల పడగ సగం విప్పి బుస కొట్టింది. నాగుపాము. మూత బిగించి, దాని మీద ఒక రాయి పెట్టించి, వరండా చివర బెంచీ కింద పెట్టమన్నాను. ఆ రోజంతా కాళ్లు లాగుతున్నాయని వచ్చిన ముసలివాళ్లు కూడా ఆ బెంచీ మీద కూర్చోలేదు.

ఆమెను మంచం మీద పడుకోబెట్టాం. చూపుడువేలి మీద రెండు గాట్లు. చెయ్యి అప్పటికే మణికట్టు దాకా వాచింది. మట్టిగాజులు వాపులోకి బిగుసుకుంటున్నాయి. వాటిని పగలగొట్టడానికి సిస్టరు కత్తెర తీసింది.

అత్త సిస్టరు చెయ్యి పట్టుకుంది. “వద్దు సిస్టరమ్మా. నా కొడుకు ఈడనే నిలబడుకోని ఉండాడు. ఆయప్ప ముందర గాజులు పగలగొడ్తావా?”

సిస్టరు కత్తెర పక్కన పెట్టింది. సబ్బునీళ్లు తెచ్చి, వాచిన చేతి మీద రుద్ది, ఒక్కొక్క గాజునే మెల్లగా జార్చి తీసింది. అంతసేపట్లో నేను ఎడమ చేతికి సూది పెట్టి పాము విషానికి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాను. గాజులన్నీ క్షేమంగా అత్త కొంగులోకి చేరాయి.

ఆమె నన్నే చూస్తూ ఉంది. “డాక్టరమ్మా, నువ్వు ఇద్దరుగా కనపడతాండావు,” అంది.

ఆ మాటకు అక్కడున్నవాళ్లు నవ్వారు. నేను మాత్రం వంగి ఆమె రెప్పలు చూశాను. నాగుపాము విషం నరాల మీద పనిచేస్తుంది. మొదట కళ్లు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి. ఒక్క ఊపిరిలో అంకెలు ఎంతదాకా లెక్కపెట్టగలదో చెప్పమన్నాను. లెక్కపెట్టింది. కాసేపయ్యాక మళ్లీ అడిగాను. అప్పుడు ముందే ఆగింది. మూడోసారి ఇంకా ముందే ఆగింది. రెప్పలు వాలిపోయాయి. మాట ముక్కులోంచి వస్తోంది. తల దిండు మీద నుంచి లేపలేకపోయింది.

పెళ్లిమండపానికి ఫోను చేసి పెద్ద డాక్టరు గారిని పిలిపించాను. వెనక మేళం మోగుతుంటే ఆయన అరుస్తూ మాట్లాడారు. “కదిలించొద్దు. ఆ రోడ్డు మీద జీపులో, గొంతులో వేసిన గొట్టం జారితే దారిలోనే పోతుంది. మందు పడుతోంది కదా, అది పనిచేసేదాకా ఊపిరి నువ్వే ఇవ్వు. నేను బయల్దేరుతున్నా.”

అప్పటికి మాకు ఫోను చేస్తే పరుగెత్తి వచ్చే అంబులెన్సులు లేవు. వెంటిలేటరు అనంతపురంలోనే అరుదు. మా దగ్గర ఉన్నది ఒక రబ్బరు గాలిసంచి. మామిడికాయ ఆకారంలో, దోసిలిలో పట్టేంత ఉంటుంది. గొంతులోకి వేసిన గొట్టానికి దాన్ని తగిలించి పిసికితే గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వదిలితే బయటికి వస్తుంది. మనిషి తనంతట తాను ఊపిరి తీసుకునేదాకా అలా పిసుకుతూనే ఉండాలి.

ఆమె పెదాలు నీలమవుతుండగా గొట్టం వేశాను. మొదటిసారికే సరిగ్గా పడింది. సంచి పిసకగానే ఛాతీ లేచింది. స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని విన్నాను. రెండువైపులా గాలి వినబడింది. అంత కమ్మని శబ్దం నేను అంతకుముందు విన్న గుర్తు లేదు.

కాసేపు నేను, కాసేపు సిస్టరు పిసికాం. కానీ ఆసుపత్రి ఆగదు కదా. తేలు కుట్టిన పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పక్క గదిలో ఒకామెకు నొప్పులు మొదలై సిస్టరు అటు పరుగెత్తింది. విరుగుడు మందుకు ఒంటి మీద దద్దుర్లు లేస్తే దానికి వేరే ఇంజక్షను నేనే ఇవ్వాలి. నరాలను లేపే మందు కూడా నేనే కలుపుకోవాలి. సంచి వదిలితే మనిషి దక్కదు.

అత్త చాలాసేపటి నుంచి నా చేతులనే చూస్తోంది.

“ఏందమ్మా అది, అట్ల పిసుకుతాండావు?”

“ఊపిరి, అవ్వా. ఆమె తీసుకోలేకపోతాంది. మనమే ఇయ్యాల.”

“నాకియ్యి. నేను పిసుకుతా.”

“చేతులు నొస్తాయి.”

“రెండు ఎనుములు పిండేదాన్ని. యాడ నొస్తాయి?”

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, తన చేతుల మీద నా చేతులు పెట్టి చూపించాను. మెల్లగా పిసకాలి, పూర్తిగా వదలాలి, ఛాతీ లేచిందో లేదో చూడాలి. ఆమె వెంటనే పట్టుకుంది. ఛాతీ లేచింది, దిగింది. నేను పక్కకు జరిగి సిరంజిలోకి మందు తీసుకున్నాను. నాకు రెండు చేతులు తిరిగి వచ్చాయి.

ఆ తర్వాత భర్త కూర్చున్నాడు. అతనికి భయం. భయంతో గబగబా పిసికేశాడు. గాలి పూర్తిగా బయటికి రాకముందే మళ్లీ కొడుతున్నాడు. ఆపమని చెప్పాను. మేనమామ ముందుకొచ్చాడు. ఆయన వాళ్ల ఊళ్లో చెక్కభజన నేర్పే గురువు. చేతిలో చెక్కలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆటకు తాళం చెప్పేవాడు.

“ఎంత తాళం కావాల్నో నువ్వు చూపియమ్మా,” అన్నాడు.

నేను నా ఊపిరినే గమనించుకుంటూ మంచం కమ్మీ మీద వేలితో కొట్టి చూపించాను. ఆయన కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత తన వేలితో అదే కొట్టాడు. కమ్మీ మీద ఆ చిన్న చప్పుడు మొదలయ్యాక భర్త చేతులు కుదుటపడ్డాయి. ఆ తర్వాత ఎవరు కూర్చున్నా తాళం తప్పలేదు. నేను నాడి, ఛాతీ, గోళ్ల రంగు చూస్తూ తిరిగాను. సంచి ఎవరి చేతిలో ఉన్నా కన్ను మాత్రం అక్కడే ఉంచాను.

ఆటో అతను తిరిగి పోలేదు. అతను ఒక వంతు పిసికాడు. వాళ్లతో వచ్చిన పక్కింటామె ఒక వంతు. తేలు కుట్టిన పిల్ల నొప్పి తగ్గి నిద్రపోతే, పిల్ల తండ్రి వచ్చి, “నేను గూడ కూసుంటా,” అని అడిగాడు. అతనిది వేరే ఊరు. వీళ్లెవరో అతనికి తెలియదు.

ఆసామి గేటు దగ్గర నుంచి వరండాలోకి, వరండాలోంచి గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఖద్దరు చొక్కా, చేతికి గడియారం. ఆయన అరుగు మీద కూర్చుంటే వీళ్లు కింద నిలబడి మాట్లాడేవాళ్లని చూస్తేనే తెలుస్తుంది. అత్త ఆయన్ని చూసింది.

“అట్ల నిలబడుకున్యావేమప్పా? నువ్వు గూడ రాప్పా. నీ చేన్లోనే గదా కరిచింది.”

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గడియారం తీసి జేబులో వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. అత్త తన చేతులతో ఆయన చేతులు సరిచేసి, “మెల్లగప్పా, గట్టిగా పిసకద్దు,” అని చెప్పింది. ఆయన తల ఊపాడు. నుదుటి మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు. నేను చాలని చెప్పేదాకా లేవలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఎవరో పాత ఎక్స్‌రే కవరుతో విసరడం మొదలుపెట్టారు. కరెంటు పోయినా మా ఊపిరి యంత్రానికి ఏమీ కాదని నాకు నేను చెప్పుకుని, నాలో నేనే నవ్వుకున్నాను. అంత కంగారులోనూ నవ్వు వచ్చిందంటే అప్పటికి నాకు కొంచెం ధైర్యం వచ్చిందన్నమాట.

నన్ను ఇబ్బంది పెట్టింది ఏడుపులు. ఒకరు మొదలుపెడితే అందరూ అందుకునేవాళ్లు. సంచి పట్టుకున్న చెయ్యి కూడా కళ్లు తుడుచుకోవడానికి లేచేది. కదలకుండా పడుకుని ఉన్నా ఆమెకు వినబడుతూ ఉంటుందని పుస్తకంలో చదువుకున్నాను. విషం కండరాలనే పడగొడుతుంది, తెలివిని కాదు.

“ఏడవద్దండి. ఆమెకు ఇనపడతాంటాది. ఏమన్నా మాట్లాడండి,” అన్నాను.

“ఏం మాట్లాడాల?”

“ఇంట్లో మాట్లాడుకునేదే.”

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అత్త అందుకుంది. ఎనుముకు మేత వేసి వచ్చానని చెప్పింది. పాప బడి నుంచి వచ్చేసరికి ఎదురింట్లో బువ్వ పెట్టమని చెప్పానంది. కొళాయి కాడ ఎవరో బిందె జరిపితే జరిగిన గొడవ మొత్తం మొదటి నుంచి చెప్పింది. నీళ్ల కోసం జరిగిన ఆ గొడవలో కోడలిదే న్యాయమని, ఆ రోజు ఊరికే మాట్లాడకుండా ఉండిపోయానని చెప్పింది. చివరికి కోడలి నుదురు నిమిరి, “నువ్వు లెయ్‌మే. నువ్వు లేస్తే నా కమ్మలు నీకే పెడ్తా. మా అమ్మ పెట్టిన కమ్మలు,” అంది.

భర్త మాత్రం వంతు వచ్చినప్పుడల్లా మౌనంగా పిసికి లేచిపోతున్నాడు. చివరికి ఒకసారి, చుట్టూ ఎవరూ లేరనుకుని, ఆమె చెవి దగ్గరకు వంగాడు. నేను సూదిలోకి మందు లాగుతూ వెనకే ఉన్నాను.

“నిన్న నువ్వు చేసిన గోంగూర బాగుండె,” అన్నాడు. “తింటాన్నప్పుడు చెప్పలేదు నేను.”

అంతే. లేచి బయటికి పోయాడు.

పొద్దు పడమటికి వాలాక ఆమె కాలి బొటనవేలు కదిలింది. కదిలిందని నేను అనుకున్నానో, నిజంగానే కదిలిందో తెలియలేదు. “కాలు కదిలియ్యి తల్లీ” అన్నాను. కదిలించింది. కాసేపటికి నుదురు ముడుచుకుంది. ఆ తర్వాత సంచి పిసుకుతున్న పక్కింటామె, “ఇదేందో ఎదురు తంతాంది,” అంది. నేను సంచి చేతిలోకి తీసుకున్నాను. నిజమే. నేను ఇచ్చే గాలికి ఎదురుగా ఇంకో చిన్న గాలి. ఆమెది. ఆ చిన్న తోపుడు నా అరచేతికి తగిలినప్పుడు కలిగిన సంతోషం ఎలా ఉంటుందో చెప్పమంటే, ఇప్పటికీ చెయ్యి చాపి చూపించడం తప్ప నాకు వేరే దారి లేదు.

పెద్ద డాక్టరు గారు పెళ్లిబట్టలతోనే వచ్చారు. చొక్కా మీద గంధం మరక. ఆమెను చూశారు, నన్ను చూశారు, స్టూలు చుట్టూ ఉన్న జనాన్ని చూశారు. ఆమె చేత తల ఎత్తించారు, నా చెయ్యి గట్టిగా పట్టుకోమన్నారు. ఆమె గట్టిగానే పట్టుకుంది. దీపాలు పెట్టే వేళకు గొట్టం తీసేశాం. దగ్గింది, మింగింది, మళ్లీ దగ్గింది. అందరూ మంచం చుట్టూ వంగారు. ఆమె రెప్పలు సగమే తెరుచుకున్నాయి. వాటితోనే అత్తను వెతుక్కుంది.

“కమ్మలు ఇస్తానంటివే?” అంది, బొంగురు గొంతుతో.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గది దద్దరిల్లింది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో విడదీసి చెప్పలేను. అత్త రెండు చేతులతో కోడలి ముఖం పట్టుకుని, “ఇస్తా లేవే నా తల్లీ, ముందు నువ్వు ఊపిరి తీసుకో,” అంది. పెద్ద డాక్టరు గారు వెనక్కి తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాకు అప్పుడే పొద్దున్నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చింది. ఆసామి అప్పటికే వెళ్లి అందరికీ ఇడ్లీలు కట్టించుకుని వచ్చాడు. వరండాలో వరుసగా కూర్చుని తిన్నాం. భజన గురువు పాము డబ్బాను ఆటోలో పెట్టుకున్నాడు. ఊరి బయట గుట్టల్లో వదిలేస్తామని చెప్పాడు.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆమె లేచి కూర్చుని ఉంది. పళ్లెంలో సంగటి ముద్ద, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. వాచిన చేతిని దిండు మీద పెట్టుకుని, ఎడమ చేత్తో తింటోంది. నేను పక్కన కూర్చున్నాను.

“నిన్న అంతా ఇనపడినాదా?” అని అడిగాను.

“ఇనపడక ఏం? కండ్లు తెరిసేకి కాల్యా, చెయ్యి ఎత్తేకి కాల్యా. చెవులు మాత్రం పనిచేస్తానే ఉన్యాయి.”

“భయమైందా?”

ఆమె ముద్ద మింగి ఆలోచించింది. “ముందు శానా భయమాయె. గోరీలో పెట్టినట్లు ఉన్నింది. ఆమీద మా అత్త ఎనుము మాట ఎత్తె. సరే, ఎనుముకు మేత ఏసినారు అనుకుంటి. పాపకు బువ్వ పెట్టమని చెప్పె. సరే అనుకుంటి. అట్ల వింటా వింటా ఉంటి.”

తర్వాత ఆమె చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. సంచి ఎవరి చేతిలో ఉందో తనకు తెలిసేదట. అత్త ఇచ్చే ఊపిరి నిండుగా వచ్చేదట. మొగుడి ఊపిరి మొదట్లో మీద పడి తొక్కినట్టు వచ్చి, తర్వాత దారికి వచ్చిందట.

“ఆసామి ఊపిరి ఉండాదే, అది భయం భయంగా వచ్చె. కొంచెమే ఇచ్చె. ఇంగ కొంచెం ఇయ్యప్పా అని అడగాలనిపించె,” అని నవ్వింది.

“నాది?”

“నీది తెలుస్తానే లేకపోయె. నాదే అన్నట్లు ఉన్నింది.”

నేను లేచి కిటికీ దగ్గరకు వెళ్లి, పనిలేకపోయినా తెర సర్దాను. ఎవరైనా ప్రశంసిస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు అప్పట్లో తెలిసేది కాదు.

“ఇంగొకటి,” అంది ఆమె గొంతు తగ్గించి. “పెండ్లయినప్పటి సంది మా ఇంటాయన కూర బాగుండాదని ఒక్కనాడు అన్నోడు కాదు. ఆ మాట అనిపించేకి నాగుపాము రావాల్సి వచ్చె.”

మాటలతో విషం దిగిందని నేను అనను. దిగింది మందుతో, ప్రాణం నిలబడింది చేతులతో. కానీ మాటలు లేకపోతే ఆ పగలంతా ఆమె ఒంటరిగా ఉండేది. అప్పటి నుంచి తెలివి తప్పినట్టు కనిపించే ప్రతి రోగితోనూ నేను మాట్లాడుతూనే పని చేస్తాను. సూది గుచ్చుతున్నా చెబుతాను, పక్కకు తిప్పుతున్నా చెబుతాను. ఇంటివాళ్లను కూడా మాట్లాడమంటాను. మా వైపు మనుషులకు రోగి దగ్గర ఏం మాట్లాడాలో నేర్పనక్కరలేదు. మొదట కాస్త తటపటాయిస్తారు, తర్వాత ఎనుము, బిందె, వాన, పక్కింటి కోడి అన్నీ వచ్చేస్తాయి. తలుపుకున్న బోర్డును సున్నం వేసేటప్పుడు ఎవరో తీశారు. తిరిగి తగిలించమని నేను అడగలేదు.

ప్రాణం దక్కినా వేలు తొందరగా మానలేదు. నాగుపాము కరిచినచోట కండ నల్లబడి పుండు పడుతుంది. దాన్ని శుభ్రం చేసి కట్టు కట్టడానికి ఆమె వారం వారం షేరు ఆటోలో వచ్చేది. చెవులకు కమ్మలు మెరుస్తూ ఉండేవి. కట్టు కడుతున్నంతసేపూ నొప్పి మరిచిపోవడానికి నా పెళ్లి సంగతి మాట్లాడేది. డాక్టరమ్మ పోయి ఎప్పుడో అక్కా అని పిలవడం మొదలైంది. నిజానికి నాకంటే ఆమే పెద్దది.

కొత్త చర్మం గులాబీ రంగులో పూర్తిగా మూసుకున్నాక, ఇక రావద్దని చెప్పాను. ఆమె వేలు వంచింది, చాపింది. కొస కొంచెం బిగుసుకుంది గాని పట్టు బాగానే ఉంది.

“ఇంగ నువ్వే రావాలక్కా మా ఊరికి,” అంది. “మా అత్తకు మోకాలు పట్టుకున్యాది. ఆసుపత్రికి రమ్మంటే రానంటాది.”

ఒక ఆదివారం కుందుర్పి బస్సెక్కి వెళ్లాను. అత్త ఇంటి ముందు నులక మంచం వేసి ఉంచింది. మోకాలు చూపించమంటే, ముందు తినమంది. తిన్నాక చూపించింది. వాపు కొంచెమే. ఎలా కూర్చోవాలో, ఎలా లేవాలో చెప్పి, రాసుకునే మందు ఇచ్చాను. విని తల ఊపింది. ఆ వెంటనే ఎలా లేవొద్దన్నానో అలాగే లేచింది. కోడలు నన్ను చూసి కన్ను గీటింది.

సాయంత్రం నన్ను ఆసామి చేను చూపించడానికి తీసుకుపోయారు. పంట ఎత్తేసిన ఎర్రనేలలో మిగిలిపోయిన కాయల కోసం పిల్లలు, ఆడవాళ్లు తవ్వుకుంటున్నారు. ఆసామి గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు. భర్త ఎండు కంప పోగేసి, తాము ఏరిన పచ్చి చెనక్కాయలు అందులో వేసి కాల్చాడు. పొట్టు నల్లగా మాడి, లోపల గింజలు తియ్యగా ఉన్నాయి. నోరంతా బొగ్గు. పాప నా మూతి చూసి నవ్వింది. ఆ ఏటి గింజ గట్టిగా ఉందని, తమ కొద్దిపాటి చేనికి విత్తనాలుగా దాచిపెట్టుకున్నామని, వచ్చే ఏడు కూడా వాన ఇట్లనే పడితే ఇంటికి రేకులు వేయిస్తామని వాళ్లు మాట్లాడుకుంటుంటే, నేను కాయలు వలుచుకుంటూ విన్నాను.

ఆఖరి బస్సు ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరం గమనించలేదు. చెనక్కాయల మూటలు వేసుకుని కళ్యాణదుర్గం మిల్లుకు పోయే లారీని ఆపి, డ్రైవరు పక్కన నన్ను ఎక్కించారు. లారీ కదలగానే డ్రైవరు తనకు ఈ మధ్య నడుము పట్టేస్తోందని మొదలుపెట్టాడు. ఆదివారం పూట మోకాళ్లు తప్ప ఇంకేమీ చూడనని చెప్పాను. సరేనని అతను తన కూతురు చదువు గురించి చెప్పాడు. కళ్యాణదుర్గం దీపాలు కనబడేదాకా ఆ కబుర్లే.